మీ సొంత డీఐ రికార్డింగ్‌తో గిటార్ యాంప్ సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడం ఎలా

వీడియోలో ఎవరో యాంప్ సాఫ్ట్‌వేర్‌తో, అంటే నిజమైన గిటార్ యాంప్లిఫయర్ శబ్దాన్ని కంప్యూటర్‌లో పుట్టించే ప్రోగ్రామ్‌తో, వాయిస్తుంటే టోన్ అదిరిపోతుంది. అదే సాఫ్ట్‌వేర్, అదే ప్రీసెట్ (ముందే సేవ్ చేసిన సెట్టింగ్) మీ కంప్యూటర్‌లో పెట్టి వాయిస్తే రేకు డబ్బాలో కందిరీగ తిరిగినట్టు వినిపిస్తుంది. చాలామంది ఇక్కడే ఆ సాఫ్ట్‌వేర్ బాగోలేదని తేల్చేసి, తీసేసి, ఇంకోదాని వెంట పడతారు. అదీ అలాగే వినిపిస్తుంది.

ఆ వీడియోలో వాయించిన మనిషి గిటార్‌లోని పికప్‌లు (తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే భాగాలు) వేరు, గిటార్‌ని కంప్యూటర్‌కి కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్‌లోకి వెళ్లిన లెవెల్ వేరు, పిక్ పట్టుకునే తీరు వేరు. వెనక బేస్, డ్రమ్స్ కలిసి వినిపించి ఉంటాయి. అందుకే ఇక్కడ చెప్పే పద్ధతిలో సాఫ్ట్‌వేర్ పేర్లు చాలా ఆలస్యంగా వస్తాయి. ముందు గిటార్ నుంచి వచ్చే సిగ్నల్ సరిచేసుకుంటాం, తర్వాత మీ చేతి వాయింపును డీఐ అనే పచ్చి రికార్డింగ్ ఫైల్‌గా దాచుకుంటాం, ఆ ఫైల్‌తోనే అన్నిటినీ పరీక్షిస్తాం.

1. ముందు సిగ్నల్ సరిచేసుకోండి

ఆడియో ఇంటర్‌ఫేస్ మీద ఇన్‌స్ట్రుమెంట్ అనో, హై-జెడ్ అనో ఒక బటన్ ఉంటుంది. కొన్నింటిలో గిటార్ బొమ్మ ఉంటుంది. గిటార్ కేబుల్ పెట్టినప్పుడు అది ఆన్‌లో ఉండాలి. మామూలు పాసివ్ పికప్‌కి ఎదురుగా ఎక్కువ ఇంపీడెన్స్ (విద్యుత్ నిరోధం లాంటిది) ఉన్న ఇన్‌పుట్ కావాలి. ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్‌లో అది సుమారు 1 మెగాఓమ్ ఉంటుంది, లైన్ ఇన్‌పుట్‌లో పది కిలోఓమ్‌ల దగ్గర ఉండొచ్చు. లైన్ ఇన్‌పుట్‌లో పెడితే పికప్ మీద భారం పడి పైస్థాయి మెరుపంతా పోతుంది, లెవెల్ కూడా తగ్గుతుంది. నేను మొదట్లో చాలా వారాలు ఇలాగే వాయించాను. ట్రెబుల్ ఎంత పెంచినా టోన్‌లో ప్రాణం రాలేదు. బటన్ నొక్కిన రోజు అదే సాఫ్ట్‌వేర్, అదే ప్రీసెట్ కొత్త గిటార్‌లా మోగింది. అప్పటికే రెండు సాఫ్ట్‌వేర్లను పనికిరావని పక్కన పెట్టేశాను. వాటికి అన్యాయం చేశానని ఇప్పటికీ అనిపిస్తుంది.

తర్వాత లెవెల్. బ్రిడ్జ్ పికప్ మీద, వాల్యూమ్ నాబ్ పూర్తిగా తెరిచి, మీరు కొట్టగలిగినంత గట్టిగా ఒక కార్డ్ కొట్టండి. ఎర్ర లైట్ ఎప్పుడూ వెలగకూడదు. పీక్‌లు మైనస్ 12 డీబీఎఫ్ఎస్ (సున్నా గరిష్ఠంగా ఉండే డిజిటల్ మీటర్ కొలత) చుట్టుపక్కల ఉంటే మొదలుపెట్టడానికి బాగుంటుంది. కానీ ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మైక్‌లో గొంతు రికార్డ్ చేసేటప్పుడు లెవెల్ కాస్త అటూఇటూ అయినా తర్వాత సర్దుకోవచ్చు. యాంప్ సాఫ్ట్‌వేర్‌లో మాత్రం లోపలికి వెళ్లే లెవెలే డిస్టార్షన్ ఎంత రావాలో నిర్ణయిస్తుంది. నిజమైన ట్యూబ్ యాంప్‌కి బలమైన పికప్ ఉన్న గిటార్ పెడితే ఎలా త్వరగా బ్రేకప్ అవుతుందో, అంటే డిస్టార్షన్ మొదలవుతుందో, ఇదీ అంతే. ఆరు డెసిబెల్స్ ఎక్కువ పంపితే మీ క్లీన్ టోన్ కాస్తా క్రంచ్ (కొద్దిపాటి డిస్టార్షన్ ఉన్న టోన్) అవుతుంది. కొన్ని సాఫ్ట్‌వేర్ల మాన్యువల్‌లో ఇంటర్‌ఫేస్ గెయిన్ ఎక్కడ పెట్టాలో, ఎంత డీబీయూ (వోల్టేజ్ కొలమానం) లెవెల్‌ని లెక్కలోకి తీసుకుని తయారుచేశారో రాసి ఉంటుంది. ఉంటే దాన్నే అనుసరించండి. ప్లగిన్‌లోనే (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ లోపల తెరుచుకునే యాంప్ ప్రోగ్రామ్‌లోనే) ఇన్‌పుట్ నాబ్ ఉంటే సర్దుబాటు అక్కడ చేసుకోవచ్చు.

ఇంకో రెండు చిన్న విషయాలు. ట్రాక్ ఇన్‌పుట్ మోనోలో ఉందో లేదో చూడండి, లేకపోతే శబ్దం ఎడమ చెవిలోనే వస్తుంది. ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ ఆఫ్ చేయండి. అది ఆన్‌లో ఉంటే యాంప్ శబ్దంతో పాటు పచ్చి గిటార్ శబ్దం కూడా కలిసి వినిపిస్తుంది. ఎంత మంచి ప్రీసెట్ అయినా దాంతో పాడైపోతుంది.

2. లాటెన్సీని లెక్కతో చూడండి

పిక్ తీగకు తగిలిన క్షణానికి, హెడ్‌ఫోన్‌లో శబ్దం వినిపించిన క్షణానికి మధ్య ఉన్న ఆలస్యమే లాటెన్సీ. కంప్యూటర్ శబ్దాన్ని బఫర్ అనే చిన్న ముక్కలుగా తీసుకుంటుంది. బఫర్ 128 శాంపిల్స్, శాంపిల్ రేట్ 48 కిలోహెర్ట్జ్ అయితే ఒక్క బఫర్‌కే సుమారు 2.7 మిల్లీసెకన్లు పడుతుంది. లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి, పైన కన్వర్టర్లు, డ్రైవర్ తీసుకునే సమయం కలుస్తాయి. ఇది ఎక్కువా తక్కువా అని ఎలా తెలుస్తుంది? గాలిలో శబ్దం ఒక మిల్లీసెకనుకు సుమారు 34 సెంటీమీటర్లు వెళుతుంది. యాంప్ నుంచి 3 మీటర్ల దూరంలో నిలబడి వాయిస్తే దాదాపు 9 మిల్లీసెకన్ల ఆలస్యం ఎలాగూ ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. కాబట్టి మొత్తం 10 మిల్లీసెకన్ల లోపు ఉంటే హాయిగా వాయించవచ్చు. 15 దాటితే వేగంగా వాయించే రిఫ్‌లలో వేళ్లు తడబడడం మొదలవుతుంది.

విండోస్‌లో ఇంటర్‌ఫేస్ తయారీదారు ఇచ్చిన ఏఎస్ఐఓ అనే, ఆలస్యం తగ్గించే డ్రైవర్ వాడండి. ఏఎస్ఐఓ4ఆల్ అనేది సొంత డ్రైవర్ లేని పరికరానికి తాత్కాలిక ఏర్పాటు మాత్రమే. మ్యాక్‌లో సిస్టమ్‌తో పాటే కోర్ ఆడియో అనే ఆడియో వ్యవస్థ ఉంటుంది కాబట్టి ఈ తలనొప్పి లేదు. బ్లూటూత్ హెడ్‌ఫోన్లతో వాయించడానికి ప్రయత్నించకండి. వాటిలో ఆలస్యం వంద మిల్లీసెకన్లు దాటడం మామూలే.

ప్రతి సాఫ్ట్‌వేర్‌నీ పరీక్షించేటప్పుడు బఫర్‌ని 256 నుంచి 128కి, అక్కడి నుంచి 64కి దించుతూ పోండి. పటపటమని చిట్లే శబ్దం వచ్చిన చోట ఆగి ఒక మెట్టు పైకి రండి. ఆ అంకె రాసి పెట్టుకోండి. ఒకే ట్రాక్ మీద వరుసగా ఉన్న ప్లగిన్లు సాధారణంగా ఒకే ప్రాసెసర్ కోర్ మీద నడుస్తాయి. అందుకే ఎక్కువ కోర్‌లు ఉన్న కంప్యూటర్‌లో కూడా ఒక బరువైన యాంప్ ప్లగిన్ ఇబ్బంది పెట్టవచ్చు. మీ కంప్యూటర్‌లో 128 బఫర్ దగ్గర నడవని సాఫ్ట్‌వేర్ ఎంత గొప్పదైనా మీకు పనికొచ్చేది కాదు.

3. మీ డీఐ రికార్డ్ చేసుకోండి

మొత్తం పద్ధతికి ఇదే గుండెకాయ. డీఐ అంటే యాంప్, ఎఫెక్ట్ ఏదీ లేకుండా గిటార్ నుంచి నేరుగా రికార్డ్ చేసిన పచ్చి శబ్దం. రెండు మూడు నిమిషాలు చాలు. ముందు కొత్త తీగలు గానీ, కనీసం బాగున్న తీగలు గానీ వేసి, శ్రుతి చేసుకుని మొదలుపెట్టండి. నేను వాడే వరుస ఇది.

మొదట ఓపెన్ కార్డ్‌లు, చాలా మెల్లగా మొదలుపెట్టి క్రమంగా గట్టిగా. క్లీన్ నుంచి క్రంచ్‌లోకి మారే చోటు మెత్తగా ఉందా, స్విచ్ వేసినట్టు ఉందా అన్నది ఇందులో తెలుస్తుంది. తర్వాత ఆరో తీగ మీద పామ్ మ్యూట్‌తో (అరచేతి అంచు తీగకు ఆనించి) ఒక రిఫ్. కింది స్థాయి శబ్దం బిగుతుగా ఉందా, బురదలా పరుచుకుందా అన్నది ఇక్కడ బయటపడుతుంది. ఆ తర్వాత మూడో తీగ మీద ఒకే ఒక్క స్వరం, అది పూర్తిగా చచ్చిపోయేదాకా కదలకుండా ఆగండి. సాఫ్ట్‌వేర్‌లలోని లోపాలు చాలావరకు ఆ చివరి రెండు సెకన్లలోనే దొరుకుతాయి. స్వరం సహజంగా కరిగిపోవాలి, గరగరమంటూ తెగిపోకూడదు.

తర్వాత గిటార్ వాల్యూమ్ నాబ్ 10 నుంచి 4కి తగ్గిస్తూ అదే కార్డ్ మళ్లీ మళ్లీ కొట్టండి. మంచి యాంప్ అయితే డిస్టార్షన్ తగ్గి శుభ్రపడుతుంది, మంచి సాఫ్ట్‌వేర్ కూడా అలాగే చేయాలి. ఒకటో తీగ మీద పై ఫ్రెట్‌లలో నెమ్మదిగా బెండ్ చేసి దించండి. చివర పది సెకన్లు తీగల మీద చెయ్యి వేసి మౌనంగా ఉండండి, హై గెయిన్‌లో ఎంత నాయిస్ వస్తుందో చూడడానికి. మీరు ఎక్కువగా వాయించే పాట భాగం ఒకటి కూడా కలపండి. దీన్ని 24 బిట్ డబ్ల్యూఏవీ ఫైల్‌గా దాచుకోండి. రెండు గిటార్లు ఉంటే రెండు ఫైళ్లు.

ఈ ఫైల్ చేతిలో ఉంటే వాయింపు ప్రతిసారీ ఒక్కటే, మారేది సాఫ్ట్‌వేర్ మాత్రమే. చేత్తో వాయిస్తూ పోల్చితే ఏ రోజు చెయ్యి బాగా నడిస్తే ఆ రోజు విన్న సాఫ్ట్‌వేరే గెలుస్తుంది.

4. మీకు ఏ రకం కావాలో తేల్చుకోండి

ఈ సాఫ్ట్‌వేర్లలో ప్రధానంగా రెండు దారులున్నాయి. ఒకటి మోడలింగ్. యాంప్‌లోని సర్క్యూట్ ఎలా పనిచేస్తుందో లెక్కగట్టి దాన్ని కోడ్‌లో రాస్తారు. యాంప్లిట్యూబ్, గిటార్ రిగ్, హీలిక్స్ నేటివ్ లాంటివి ఈ దారిలో పెరిగినవే. రెండోది క్యాప్చర్. ఒక నిజమైన యాంప్‌లోకి పరీక్ష సిగ్నల్ పంపి, బయటికి వచ్చినదాన్ని రికార్డ్ చేసి, ఆ రెండిటి మధ్య సంబంధాన్ని న్యూరల్ నెట్‌వర్క్‌కి నేర్పిస్తారు. న్యూరల్ యాంప్ మోడలర్, టోనెక్స్ ఈ పద్ధతిలో పనిచేస్తాయి. న్యూరల్ యాంప్ మోడలర్ ఉచితం, ఓపెన్ సోర్స్ కూడా.

క్యాప్చర్ అంటే ఒక ఫోటో లాంటిది. నాబ్‌లు ఒక స్థానంలో ఉన్నప్పుడు యాంప్ ఎలా మోగిందో అది అద్భుతంగా పట్టుకుంటుంది. కానీ మామూలు క్యాప్చర్‌లో గెయిన్ నాబ్ తిప్పితే మారేది లోపలికి వెళ్లే లెవెల్ మాత్రమే, అసలు యాంప్‌లో గెయిన్ నాబ్ తిప్పినప్పుడు వచ్చే మార్పు రాదు. బేస్, ట్రెబుల్ నాబ్‌లు కూడా ఎక్కువగా పక్కన అతికించిన ఈక్యూలే (టోన్ సర్దే ఫిల్టర్లే). డిలే, రివర్బ్ లాంటి సమయానికి సంబంధించిన ఎఫెక్ట్‌లను అది పట్టుకోలేదు. నాబ్‌లు తిప్పుతూ టోన్ వెతుక్కోవడం మీకు ఇష్టమైతే మోడలింగ్ తీసుకోండి. ఒక మంచి టోన్ దొరికితే చాలు, వాయించుకుంటాను అనుకుంటే క్యాప్చర్ మిమ్మల్ని చాలా సంతోషపెడుతుంది.

క్యాప్చర్‌లు వాడేవాళ్లు ఒకచోట తరచూ పొరబడతారు. కొన్ని క్యాప్చర్‌లలో యాంప్ మాత్రమే ఉంటుంది, కొన్నింటిలో యాంప్, క్యాబినెట్ (స్పీకర్ పెట్టె), మైక్ అన్నీ కలిసి ఉంటాయి. రెండో రకానికి మళ్లీ క్యాబినెట్ జోడిస్తే దుప్పటి కప్పినట్టు మూసుకుపోతుంది. మొదటి రకానికి క్యాబినెట్ పెట్టకపోతే జుయ్యిమని చెవులు కోస్తుంది. వివరణలో ఏది రాసి ఉందో చదివి పెట్టండి.

ఏ యాంప్ కుటుంబం మీకు కావాలో కూడా ఇప్పుడే ఆలోచించండి. ఫెండర్ ట్విన్, డీలక్స్ రివర్బ్ మిడ్స్ (మధ్యస్థాయి శబ్దాలు) కాస్త తగ్గిన మెరిసే క్లీన్‌కి పేరు. వాక్స్ ఏసీ30 గంటలా ఖంగుమంటుంది. మార్షల్ ప్లెక్సీ, జేసీఎం800 రాక్ క్రంచ్‌కి. మెసా రెక్టిఫయర్, పీవీ 5150 మెటల్‌కి. ట్రేడ్‌మార్క్ కారణంగా చాలా సాఫ్ట్‌వేర్లలో ఈ పేర్లు మార్చి పెడతారు, ఏది దేనికి నకలో మాన్యువల్‌లో తరచూ సూచన ఉంటుంది. వందల యాంప్‌లున్న పెద్ద ప్యాకేజీ మొదటిసారి కొనేవారికి మంచిదని నేను అనుకోను. ఒక క్లీన్, ఒక క్రంచ్, ఒక హై గెయిన్, ఈ మూడూ బాగున్నది చాలు. అన్నీ ఉన్నచోట వాయించే సమయం కంటే మెనూలు తిప్పే సమయం ఎక్కువవుతుంది.

5. మూడింటికి మించి డౌన్‌లోడ్ చేయకండి

ఉచితంగా దొరికేవే ముందు చూడండి. న్యూరల్ యాంప్ మోడలర్, యాంప్లిట్యూబ్ ఉచిత వెర్షన్, టోనెక్స్ ఉచిత వెర్షన్, గిటార్ రిగ్ ప్లేయర్, ఇగ్నైట్ యాంప్స్ వారి ఎమిసరీ, లినక్స్ వాడేవారికి గిటారిక్స్. లాజిక్, గరాజ్‌బ్యాండ్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లు వాడుతుంటే వాటిలోనే యాంప్‌లు ఉన్నాయి, వాటిని చిన్నచూపు చూడకండి. డబ్బు పెట్టి కొనేవాటిలో చాలావాటికి ట్రయల్ ఉంటుంది. న్యూరల్ డీఎస్పీ వారిది 14 రోజులు. గడువు మొదటిసారి తెరిచిన రోజు నుంచే నడుస్తుంది కాబట్టి తీరిక ఉన్న వారంలోనే మొదలుపెట్టండి.

ప్లగిన్ ఫార్మాట్ చూసుకోండి. లాజిక్‌కి ఏయూ కావాలి, ప్రో టూల్స్‌కి ఏఏఎక్స్, మిగతా చాలావాటికి వీఎస్టీ3. రికార్డింగ్ చేయకుండా ప్రాక్టీస్ మాత్రమే చేసేవారైతే విడిగా తెరుచుకునే స్టాండలోన్ వెర్షన్ ఉందా అని చూడండి.

6. ఒకే క్యాబినెట్‌తో, ఒకే లౌడ్‌నెస్‌తో పోల్చండి

టోన్‌లో క్యాబినెట్ పాత్ర చాలామంది అనుకునేదానికంటే చాలా పెద్దది. 12 అంగుళాల గిటార్ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటాక వేగంగా చేతులెత్తేస్తుంది. డిస్టార్షన్‌లోని గరుకుతనాన్ని సంగీతంగా మార్చేది అదే. స్పీకర్‌ని, మైక్‌ని, మైక్ పెట్టిన చోటుని కలిపి ఒక చిన్న ఆడియో ఫైల్‌గా పట్టుకుంటే దాన్ని ఇంపల్స్ రెస్పాన్స్, క్లుప్తంగా ఐఆర్ అంటారు. ఎస్ఎం57 మైక్‌ని కోన్ మధ్య నుంచి అంచు వైపు రెండు అంగుళాలు జరిపితే వచ్చే తేడా, యాంప్ మార్చినప్పుడు వచ్చే తేడాకి తీసిపోదు.

కాబట్టి ఇలా చేయండి. మీ డీఐ ఫైల్‌ని మూడు ట్రాక్‌ల మీద పెట్టండి. ఒక్కో ట్రాక్ మీద ఒక్కో సాఫ్ట్‌వేర్. ప్రతిదానిలోనూ సొంత క్యాబినెట్ ఆఫ్ చేసి, ఒకే ఐఆర్ లోడర్‌తో ఒకే ఐఆర్ పెట్టండి. నాడ్‌ఐఆర్ అనే ఉచిత లోడర్ ఈ పనికి బాగా సరిపోతుంది. రివర్బ్, డిలే అన్నీ ఆఫ్. అవి లోపాలను కప్పేస్తాయి. ఒకే యాంప్ కుటుంబం ఎంచుకుని, గెయిన్ దాదాపు సమానంగా సర్దండి.

ఇప్పుడు లౌడ్‌నెస్. రెండు శబ్దాల్లో ఒకటి ఒక్క డెసిబెల్ ఎక్కువున్నా చెవికి అదే మెరుగ్గా, నిండుగా అనిపిస్తుంది. ఎల్‌యూఎఫ్ఎస్ మీటర్ (చెవికి తోచే లౌడ్‌నెస్‌ని కొలిచేది) పెట్టి మూడు ట్రాక్‌లనూ అర డెసిబెల్ తేడా లోపలికి తీసుకురండి. ఈ పని చేయకుండా తీసుకున్న నిర్ణయాన్ని నేను లెక్కలోకి తీసుకోను. నేను ఎంతో గొప్పదనుకున్న ఒక ప్లగిన్, లెవెల్ సమానం చేశాక, ఉచితమైనదానికి ఏమాత్రం ఎక్కువ కాదని తేలింది.

కళ్లు మూసుకుని, ఎవరినైనా ట్రాక్‌లు మార్చమని అడిగి వినండి. వినే వాల్యూమ్ కూడా ఒక్కచోటే ఉంచండి. తక్కువ వాల్యూమ్‌లో మన చెవికి బేస్ తక్కువగా వినిపిస్తుందని ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు 1933లోనే కొలిచి చూపించారు. రాత్రి మెల్లగా వింటూ బేస్ పెంచి చేసిన టోన్, పగలు గట్టిగా పెడితే దద్దరిల్లేది అందుకే.

మూడూ విన్నాక వెనక ఒక డ్రమ్, బేస్ ట్రాక్ కలిపి మళ్లీ వినండి. ఒంటరిగా విన్నప్పుడు నిండుగా అనిపించిన టోన్ ఇక్కడ కొట్టుకుపోవచ్చు. 80 నుంచి 100 హెర్ట్జ్ దగ్గర హై పాస్ (అంతకంటే కింది శబ్దాలను కోసే ఫిల్టర్) పెట్టి, గెయిన్ కాస్త తగ్గించి చూడండి. అప్పుడు ఏది నిలబడితే దానికే ఎక్కువ మార్కులు వేయండి.

7. ఇప్పుడు చేత్తో వాయించండి

ఫైల్‌తో వినడం అయ్యాక ఒక్కోదాన్ని అరగంట చొప్పున వాయించండి. ఇక్కడ చూడాల్సింది ఒక్కటే, అది మీ చేతికి జవాబిస్తోందా? మెల్లగా మీటితే మెత్తగా, గట్టిగా మీటితే కోపంగా పలకాలి. ప్రీసెట్ మార్చాలన్న ఆలోచన రాకుండా ఎంతసేపు వాయించారో గమనించండి. గడియారం చూడకుండా అరగంట దాటిపోయిందంటే అది చాలా బలమైన సాక్ష్యం.

హై గెయిన్ పెట్టి ఒకటో తీగ మీద పైన బెండ్ చేయండి. మీరు స్వరాన్ని పైకి లాగుతుంటే వెనక సన్నగా ఇంకో స్వరం కిందికి జారుతున్నట్టు వినిపిస్తే అది ఎలియాసింగ్. డిస్టార్షన్ పుట్టించే పైస్థాయి హార్మోనిక్స్ శాంపిల్ రేట్‌లో సగం దాటి వెనక్కి మడతపడడం వల్ల వస్తుంది. ఓవర్‌శాంపులింగ్ (లోపల ఎక్కువ శాంపిల్ రేట్‌తో లెక్కించడం) ఆన్ చేస్తే తగ్గుతుంది, కానీ ప్రాసెసర్ మీద బరువు పెరుగుతుంది. వాయించేటప్పుడు తగ్గించి, చివరి బౌన్స్‌లో (పాటని ఆడియో ఫైల్‌గా తీసేటప్పుడు) పెంచుకునే వీలుంటే మంచిది.

8. ఎఫెక్ట్‌లు

దీనికి ఎక్కువ తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. యాంప్ ఒక కంపెనీది, డిలే ఇంకో కంపెనీది అయినా ఒకే ట్రాక్ మీద పెట్టుకోవచ్చు. అందుకే యాంప్ నచ్చి రివర్బ్ నచ్చకపోతే ఆ సాఫ్ట్‌వేర్‌ని వదులుకోకండి. వరుస మాత్రం తెలిసి ఉండాలి. వా, కంప్రెసర్, ఓవర్‌డ్రైవ్ యాంప్ ముందు. డిలే, రివర్బ్ యాంప్ తర్వాత. నాయిస్ గేట్ (వాయించనప్పుడు శబ్దాన్ని మూసేది) అన్నిటికంటే ముందు పెడితే అది పచ్చి సిగ్నల్‌ని చూసి తెరుచుకుంటుంది కాబట్టి సరిగ్గా పనిచేస్తుంది.

మెటల్ వాయించేవారు యాంప్ ముందు ట్యూబ్ స్క్రీమర్ తరహా ఓవర్‌డ్రైవ్ పెడల్ ఉందో లేదో చూడండి. డ్రైవ్ దాదాపు సున్నా, లెవెల్ బాగా పైకి పెట్టి హై గెయిన్ యాంప్‌లోకి పంపితే అది కింది స్థాయిని కోసి మిడ్స్‌ని ముందుకు తోస్తుంది. పామ్ మ్యూట్ బిగుతుగా వస్తుంది. స్టేజీ మీద వాడాలనుకుంటే మిడి ఫుట్ కంట్రోలర్‌తో (కాలితో నొక్కే స్విచ్‌ల పెట్టెతో) ఎఫెక్ట్‌లు ఆన్, ఆఫ్ అవుతాయా, ప్రీసెట్ మారినప్పుడు శబ్దం మధ్యలో తెగుతుందా అన్నది ట్రయల్‌లోనే తేల్చుకోండి.

9. డబ్బు కట్టే ముందు

లైసెన్స్ ఎన్ని కంప్యూటర్లకు వర్తిస్తుంది, ఇంటర్నెట్ లేని చోట తెరుచుకుంటుందా, పాత కంప్యూటర్ పాడైతే కొత్తదానికి మార్చుకోవచ్చా అన్నవి చదవండి. నెలవారీ చందా పద్ధతి అయితే, చందా ఆగిన రోజు పాత ప్రాజెక్ట్‌లు తెరిస్తే గిటార్ ట్రాక్‌లు మూగబోతాయి. ఏ పద్ధతిలో కొన్నా, పాట పూర్తయ్యాక యాంప్ శబ్దాన్ని ఆడియోగా బౌన్స్ చేసి, దాని పక్కనే డీఐని కూడా దాచండి.

కొన్నాక మొదటి వారం ఫ్యాక్టరీ ప్రీసెట్‌లు తెరవకండి. వాటిని చాలావరకు వేరే గిటార్‌తో, వేరే లెవెల్‌తో తయారుచేసి ఉంటారు. ఖాళీ ప్రీసెట్ తీసుకుని ఒక యాంప్, ఒక క్యాబినెట్ పెట్టి, టోన్ నాబ్‌లన్నీ మధ్యలో ఉంచి మొదలుపెట్టండి. గెయిన్ మీకు కావలసినదానికంటే కొంచెం తక్కువ దగ్గర ఆపండి. నచ్చిన చోట సేవ్ చేసి, ఆ ప్రీసెట్ పేరులోనే ఏ గిటార్, ఏ పికప్, ఇంటర్‌ఫేస్ గెయిన్ ఎంత అన్నది రాయండి. ఆరు నెలల తర్వాత మళ్లీ తెరిచినప్పుడు అదే శబ్దం రావాలంటే ఆ మూడూ తెలియాలి.